ఇరవైల వయసులో రొమ్ముల ఆరోగ్యం: ఏది మామూలు, ఏది మార్పు, ఎవరిని కలవాలి

రొమ్ములో నొప్పితో ఆసుపత్రికి వెళ్ళిన అమ్మాయి, వెనక వరుసలో నిలబడినవాళ్ళు వింటారన్న సంకోచంతో, ఓపీ చీటీ రాసే కౌంటరు దగ్గర ‘ఛాతీలో నొప్పి’ అని చెబితే ఆమెను ముందుగా ఈసీజీ గదికి పంపే అవకాశమే ఎక్కువ. అందులో కౌంటరులో కూర్చున్నవారి తప్పేమీ లేదు, ఎందుకంటే ఆసుపత్రిలో ఛాతీ నొప్పి అంటే ఎవరికైనా మొదట గుండే గుర్తుకు వస్తుంది. కాబట్టి రొమ్ము, చనుమొన, చంక అన్న మాటలను కుడి, ఎడమ అన్న వివరంతో సహా తడబడకుండా చెప్పడం అలవాటు చేసుకోవడం దగ్గరే ఈ జాగ్రత్త మొదలవుతుంది. ఇంట్లో అమ్మతోనో అక్కతోనో ఒకసారి అని చూస్తే డాక్టరు ముందు అనడం కష్టంగా ఉండదు.

ఇక్కడ రాస్తున్నది ముఖ్యంగా 18 నుంచి 35 ఏళ్ళ మధ్య వయసువారి కోసం. మన దేశంలో స్త్రీలకు ఎక్కువగా వచ్చే క్యాన్సర్ రొమ్ము క్యాన్సరే. 2022 అంచనాల ప్రకారం ఆ ఒక్క ఏడాదిలో సుమారు 1,92,000 కొత్త కేసులు నమోదయ్యాయి. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే ఇక్కడ ఆ జబ్బు సగటున పదేళ్ళు ముందుగా కనిపిస్తుందన్నదీ నిజమే. అయినా ఇరవైల్లో ఉన్న అమ్మాయికి రొమ్ములో గడ్డ తగిలితే అది క్యాన్సర్ కాకపోయే అవకాశమే చాలా ఎక్కువ. ఈ రెండు నిజాలనూ కలిపి గుర్తుంచుకోవాలి. మొదటిదాన్నే పట్టుకుంటే నిద్ర పట్టదు, రెండోదాన్నే పట్టుకుంటే చూపించుకోవలసిన గడ్డను ఏడాదిపాటు దాచిపెట్టడం జరుగుతుంది.

ప్రతి నెలా ఫలానా రోజున, ఫలానా క్రమంలో రొమ్ములను పరీక్షించుకోవాలని పాత కరపత్రాలలో చదివి, ఆ పని చేయలేకపోతున్నందుకు బాధపడేవారు కొందరుంటారు. చైనాలోని షాంఘై నగరంలో 1989లో మొదలుపెట్టి 2,66,064 మంది వస్త్ర పరిశ్రమ కార్మిక స్త్రీలపై ఒక పెద్ద అధ్యయనం జరిపారు. స్వీయపరీక్షను పద్ధతిగా నేర్పినవారిలో మరణాలు తగ్గలేదనీ, అనవసరమైన బయాప్సీలు (ముక్క తీసి చూసే పరీక్షలు) మాత్రం పెరిగాయనీ 2002లో వెలువడిన దాని ఫలితాలు చూపాయి. ఆ తరువాత చాలా వైద్య సంస్థలు నెలనెలా వ్రతంలా చేసే పరీక్షను పట్టుబట్టి చెప్పడం మానేసి, స్త్రీకి తన శరీరం మామూలుగా ఎలా ఉంటుందో తెలిసి ఉండాలని, మార్పు కనిపిస్తే ఆలస్యం చేయకుండా రావాలని చెప్పసాగాయి. నా అభిప్రాయంలో మనకు సరిపడేది ఈ రెండో పద్ధతే. ఈ వయసులో మన దగ్గర సాధారణ ఆరోగ్యవంతులకు మామోగ్రామ్ (రొమ్ముకు తీసే ఎక్స్‌రే) తీసే ఏర్పాటు లేదు, అవసరమూ లేదు. మార్పును మొదట గమనించగలిగేది ఆ అమ్మాయి చెయ్యే.

మామూలు అంటే ఏమిటి

ఒక్కో రొమ్ములో పాలు తయారుచేసే భాగాలు 15 నుంచి 20 వరకు ఉంటాయి. వాటి నుంచి సన్నని నాళాలు చనుమొన వైపు సాగుతాయి, చుట్టూ కొవ్వు, పీచులాంటి కణజాలం అల్లుకుని ఉంటాయి. ఈ కణజాలం పైన మెడ ఎముక దాకా, పక్కన చంకలోకి కూడా వెళుతుందన్న సంగతి చాలామందికి తెలియదు. అందుకే లోపలంతా వెన్నముద్దలా నున్నగా ఉండాలని అనుకోవడం పొరపాటు. బియ్యం, పెసలు కలిపి పోసిన గుడ్డసంచిని పైనుంచి తడిమితే ఎలా ఉంటుందో యువతి రొమ్ము దాదాపు అలాగే చేతికి తగులుతుంది, నెలసరికి ముందు వారంలో ఇంకాస్త గరుకుగా, బరువుగా, నొప్పిగా ఉంటుంది.

రెండు రొమ్ములూ ఒకే పరిమాణంలో ఉండకపోవడం, చనుమొన చుట్టూ ఉన్న నల్లని భాగంలో చిన్న చిన్న బొడిపెలు ఉండటం, అక్కడక్కడ వెంట్రుకలు మొలవడం, చిన్నప్పటి నుంచీ ఒక చనుమొన లోపలికి ఉండటం, ఇవన్నీ మామూలే. ఆ బొడిపెలు చర్మాన్ని మెత్తగా ఉంచే నూనె గ్రంథులు, వాటిని గిల్లకూడదు. కొందరికి చంకలో మెత్తని ఉబ్బు ఉండి, నెలసరికి ముందు, గర్భం సమయంలో పెద్దదవుతుంది. అది చాలాసార్లు అదనపు రొమ్ము కణజాలమే అయినా ఒకసారి డాక్టరుకు చూపించి నిర్ధారించుకోవాలి.

మీకు ఎనిమిది నుంచి పదమూడేళ్ళ లోపు చెల్లెలు ఉంటే ఆమె కోసం ఒక మాట. ఆ వయసులో చనుమొన కింద బిళ్ళలాంటి గట్టిదనం, తరచుగా ముందు ఒకవైపే, కాస్త నొప్పితో మొదలవుతుంది. అది ఎదుగుతున్న రొమ్ము మొగ్గ. దాన్ని గడ్డ అనుకుని కోయించినా, ముక్క తీయించినా ఆ వైపు రొమ్ము సరిగా ఎదగకపోవచ్చు కాబట్టి పిల్లల డాక్టరుకు చూపించి ఊరుకోవడమే మంచిది.

చేతికి అలవాటు చేసుకోవడం ఎలా

ఇక్కడ చెప్పేది తప్పక చేయవలసిన నెలవారీ వ్రతం కాదు, మీ మామూలు ఏమిటో చేతికి తెలియడం కోసమే. నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి ఏడో రోజుకూ పదో రోజుకూ మధ్య రొమ్ములు మెత్తగా ఉంటాయి కనుక అదే అనువైన సమయం. నెలసరి క్రమం తప్పి వచ్చేవారు నెలలో తమకు గుర్తుండే ఏదో ఒక తేదీని ఎంచుకోవచ్చు. ఉమ్మడి ఇంట్లోనో, హాస్టలు గదిలోనో ఏకాంతం దొరకడం కష్టం కాబట్టి స్నానాల గదే చాలామందికి వీలైన చోటు. సబ్బు నురగతో ఉన్న చెయ్యి చర్మంపై సులువుగా జారుతుంది, లోపలి తేడా బాగా తెలుస్తుంది.

ముందు అద్దంలో చూడాలి. చేతులు కిందికి వదిలి ఒకసారి, తలపైకి ఎత్తి ఒకసారి, నడుముపై గట్టిగా ఆనించి ఛాతీ కండరాలు బిగించి ఒకసారి చూస్తే, చర్మం ఎక్కడైనా లోపలికి లాగినట్టు ఉందేమో, ఒక చనుమొన దిశ మారిందేమో కనబడుతుంది. తరువాత ఎడమ రొమ్మును కుడిచేత్తో, కుడి రొమ్మును ఎడమచేత్తో తడమాలి. పడుకుని చూసుకునేవారు ఆ వైపు భుజం కింద చిన్న దిండు పెట్టుకుని, ఆ చెయ్యి తల కిందకు మడిస్తే రొమ్ము పలచగా పరుచుకుంటుంది. మధ్య మూడు వేళ్ళ మెత్తలను వాడాలి, కొసలను కాదు. వేళ్ళ మధ్య రొమ్మును గిల్లినట్టు పట్టుకుంటే మామూలు కణజాలం కూడా గడ్డలా తగిలి ఉత్తినే కంగారు పెడుతుంది. ఎప్పుడూ పక్కటెముకల వైపు నొక్కి చూడాలి. మెడ ఎముక నుంచి బ్రా కింది అంచు వరకు, రొమ్మెముక నుంచి చంక మధ్య వరకు, పొలం దున్నేటప్పుడు చాలు పక్కన చాలు వేసినట్టు, పైకీ కిందికీ వరుసలుగా వెళ్ళాలి. ఒక్కో చోట ముందు తేలికగా, తరువాత కొంచెం గట్టిగా, ఆఖరున ఎముక తగిలేలా నొక్కితే పైపొర, నడిమి పొర, లోపలి పొర మూడూ తెలుస్తాయి.

మొదటి రెండు మూడు నెలలు అంతా అనుమానంగానే ఉంటుంది. రొమ్ము కింది అంచున అర్ధచంద్రాకారంలో తగిలే గట్టి మడత అందరికీ ఉండేదే. రొమ్మెముక పక్కన పక్కటెముకలు కలిసే చోట ఉండే కణుపులను గడ్డలని భ్రమపడేవారూ ఉన్నారు. ఒకవైపు ఏదైనా అనుమానంగా తగిలితే, రెండోవైపు సరిగ్గా అదే చోట తడిమి చూడాలి. రెండువైపులా ఒకేలా ఉంటే అది చాలావరకు మీ శరీర నిర్మాణమే. ఒకేవైపు ఉంటే, తరువాతి నెలసరి అయిపోయాక కూడా అలాగే ఉంటే చూపించుకోవాలి. గట్టిగా, కదలకుండా, కొత్తగా తగిలినదాని కోసం మాత్రం నెల ఆగవలసిన పని లేదు. కనబడినదాన్ని ఫోనులో రాసి పెట్టుకోవడం మంచిది: తేదీ, ఏ వైపు, గడియారంలో ఎన్ని గంటల చోట, చనుమొనకు ఎన్ని వేళ్ళ దూరంలో. డాక్టర్లు కూడా రొమ్మును గడియారంలా ఊహించుకునే రాస్తారు కనుక ఆ భాష వారికి వెంటనే అర్థమవుతుంది.

చనుమొనను పిండి చూడవలసిన అవసరం లేదు. పిండితే ఆరోగ్యంగా ఉన్న చాలామందికి కూడా రెండు చుక్కలు వస్తాయి. పట్టించుకోవలసింది తనంతట తానుగా కారి బ్రాకు మరక చేసేదాన్ని, ముఖ్యంగా ఒకే వైపు నుంచి నెత్తురులాగానో నీళ్ళలాగానో వచ్చేదాన్ని.

నొప్పి, పాలు, ఒరుపులు

ఈ వయసులో డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళే కారణాలలో నొప్పి ముందు ఉంటుంది. నెలసరికి ముందు రెండు రొమ్ములూ బరువెక్కి, నెలసరి రాగానే తగ్గిపోయే నొప్పి హార్మోన్ల వల్ల వచ్చేది. వేలితో చూపించగలిగే ఒకే చోట, పక్కటెముకను నొక్కితే ఎక్కువయ్యే నొప్పి చాలాసార్లు రొమ్ములో కాక ఎముక, కండరాల దగ్గర ఉంటుంది. గడ్డ ఏదీ లేకుండా నొప్పి మాత్రమే ఉన్నప్పుడు దాని వెనక క్యాన్సర్ ఉండటం చాలా అరుదు. ఈ నొప్పికి తరచుగా రాసే ఈవెనింగ్ ప్రిమ్‌రోజ్ నూనె క్యాప్సూళ్ళకు బలమైన రుజువు లేదు. సరైన కొలత బ్రా వాటికంటే ఎక్కువ పని చేస్తుంది. రొమ్ముల బరువును ఎక్కువగా మోయవలసింది వీపు చుట్టూ వచ్చే పట్టీ కాబట్టి, భుజంపై పట్టీలు కోసుకుపోతున్నాయంటే ఆ కొలత తప్పు. పరుగు, ఆటలు ఉన్నవారు స్పోర్ట్స్ బ్రా వాడాలి. అయినా తగ్గకపోతే పైన రాసే డైక్లోఫెనాక్ జెల్ కొందరికి ఉపశమనం ఇస్తుంది. గర్భవతులు మాత్రం డాక్టరును అడగకుండా దాన్ని వాడకూడదు.

బిడ్డకు పాలివ్వని వారికి రెండు వైపులా పాలలాంటి ద్రవం వస్తుంటే ముందుగా గర్భ నిర్ధారణ పరీక్ష చేయించుకోవాలి. అది కాకపోతే థైరాయిడ్, ప్రోలాక్టిన్ (పాలు రప్పించే హార్మోను) రక్త పరీక్షలు చేయిస్తారు. వాంతులకు, గ్యాసుకు మందుల షాపులో అడిగి తెచ్చుకునే డోంపెరిడోన్ ఉన్న మాత్రలు, కొన్ని మానసిక వైద్య మందులు కూడా ఇలా పాలు రప్పిస్తాయి. కనుక వాడుతున్న ప్రతి మాత్ర పేరూ డాక్టరుకు చెప్పాలి, గ్యాసు మాత్రే కదా అని వదిలేయకూడదు.

ఎండాకాలం ఉక్కపోతలో రొమ్ముల కింది మడతలో చర్మం ఒరుసుకుని ఎర్రబడి దురద పెట్టేది ఎక్కువగా ఫంగసే. స్నానం తరువాత మడతను పూర్తిగా ఆరబెట్టి, నూలు బ్రా వేసుకుని, డాక్టరు రాసిన ఫంగస్ మందు వాడాలి. అన్నిటికీ పనిచేస్తుందని షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్ ముందు తగ్గినట్టు చూపి తరువాత ముదరబెడుతుంది.

పాలిచ్చే తల్లులలో రొమ్ము ఒకచోట ఎర్రగా, వేడిగా మారి జ్వరం వస్తే పాలివ్వడం ఆపకూడదు, ఒక రోజులో తగ్గకపోతే డాక్టరును కలవాలి. చీము పట్టినా చాలాసార్లు స్కానింగ్ చూస్తూ సూదితో తీసేస్తారు. మందులు వాడినా తగ్గని వాపును, రెండు వారాలైనా కరగని ‘పాలగడ్డ’ను మాత్రం స్కానింగ్ చేయించకుండా వదలరాదు. మన దేశంలో రొమ్ముకు క్షయ కూడా వస్తుంది, అది చీముగడ్డలాగే కనిపించి మోసం చేస్తుంది.

గడ్డ తగిలితే

15 నుంచి 35 ఏళ్ళ మధ్య ఎక్కువగా కనిపించేది ఫైబ్రోఎడినోమా అనే గడ్డ. రబ్బరు గోలీలా నున్నగా ఉండి, వేలు పెట్టగానే పక్కకు జారిపోతుంది. ఇంగ్లీషు వైద్యులు అందుకే దానికి ‘రొమ్ములో ఎలుక’ అని ముద్దుపేరు పెట్టారు. అది మామూలుగా క్యాన్సర్‌గా మారేది కాదు. చాలావాటిని తీయనవసరం లేదు, కొన్ని వాటంతటవే చిన్నవైపోతాయి కూడా. వేగంగా పెరుగుతున్నా, బాగా పెద్దదైనా, పరీక్షలో అనుమానం మిగిలినా తీసేస్తారు. పెళ్ళికి ముందే తీయించేయాలని పెద్దలు తొందరపెట్టడం మన ఇళ్ళలో తరచుగా జరుగుతుంది. అనవసరంగా కోసిన మచ్చ జీవితాంతం ఉంటుంది, భవిష్యత్తు స్కానింగ్‌లలో గందరగోళమూ చేస్తుంది. ఆ నిర్ణయం గడ్డను బట్టి జరగాలి, ముహూర్తాన్ని బట్టి జరగకూడదు.

రాయిలా గట్టిగా, అంచులు తెలియకుండా, కదలకుండా ఉండే గడ్డ, చర్మం సొట్టపడటం, నారింజ తొక్కలా గుంటలు గుంటలుగా మారడం, ఇదివరకు బయటికి ఉన్న చనుమొన కొత్తగా లోపలికి పోవడం, చనుమొనపై మందులకు తగ్గని గజ్జిలాంటి పుండు, చంకలో గట్టి బిళ్ళలు, ఇవి ఏ వయసులోనైనా ఆ వారంలోనే చూపించుకోవలసినవి. నొప్పి లేదు కదా అన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు. మన పెద్దలు రాచపుండు అని భయపడిన జబ్బు మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు.

చూపించవలసింది ఎవరికి? అమ్మాయిలు అలవాటుగా గైనకాలజిస్టు దగ్గరికి వెళతారు, తప్పేమీ లేదు. అయితే మన ఆసుపత్రులలో రొమ్ము జబ్బులను చూసేది ప్రధానంగా జనరల్ సర్జరీ విభాగం. జిల్లా ఆసుపత్రిలోనో, ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలోనో సర్జరీ ఓపీకి వెళితే చాలు, మొదటి అడుగులోనే హైదరాబాదు ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో, విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో పరుగెత్తవలసిన పని లేదు. పురుష డాక్టరు పరీక్షించేటప్పుడు పక్కన నర్సు గానీ మీ మనిషి గానీ ఉండాలని అడగండి. ముందు తెరిచే కుర్తా వేసుకు వెళితే కాస్త సౌకర్యంగా ఉంటుంది.

పరీక్ష మూడు అంచెలుగా జరుగుతుంది: డాక్టరు చేత్తో చూడటం, స్కానింగ్, అవసరమైతే సూది పరీక్ష. ఈ వయసులో కణజాలం దట్టంగా ఉండి మామోగ్రామ్‌లో అంతా తెల్లగా కనబడుతుంది కాబట్టి ముందుగా అల్ట్రాసౌండ్ తీస్తారు. అందులో రేడియేషన్ ఉండదు, గర్భిణులకూ ఇబ్బంది లేదు. సూది గుచ్చితే, ముక్క తీస్తే జబ్బు ఒళ్ళంతా పాకుతుందన్న మాట ఇప్పటికీ వినబడుతుంది. అది నిజం కాదు. ఆ భయంతో ముక్క పరీక్ష మానేసి నేరుగా కోయించుకున్నవారికే తరువాత రెండోసారి ఆపరేషను చేయించుకోవలసి రావచ్చు. గడ్డ సంగతి తేల్చడానికి ప్యాకేజీలలో కలిపి అమ్మే సీఏ 15-3 రక్త పరీక్ష పనికిరాదు, దానికి డబ్బు పెట్టకండి.

స్కానింగ్ రిపోర్టు చివర బైరాడ్స్ అన్న మాట పక్కన ఒక అంకె ఉంటుంది. 1 అంటే ఏమీ లేదు, 2 అంటే ఉన్నది హానిలేనిదే. 3 అంటే దాదాపుగా హానిలేనిది. క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండుకు మించదు, సాధారణంగా ఆరు నెలలకు మళ్ళీ చూస్తారు. 4, 5 అయితే ముక్క పరీక్ష తప్పనిసరి, 0 అంటే ఇంకో పరీక్ష కావాలని మాత్రమే. ఈ అంకెను క్యాన్సర్ దశగా పొరపడి రాత్రంతా ఏడ్చేవారున్నారు. రెండింటికీ సంబంధం లేదు.

ఇంట్లో అడగవలసిన ప్రశ్నలు

రొమ్ము క్యాన్సర్లలో నూటికి 5 నుంచి 10 వరకు వంశపారంపర్యంగా వచ్చిన జన్యు మార్పు వల్ల వస్తాయి. అలాంటి మార్పు వచ్చే జన్యువులలో పేరున్నవి బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2. మొదటిది 17వ క్రోమోజోముపై ఉందని 1990లో అమెరికా జన్యు శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ బృందం చూపింది. ఈ మార్పు తండ్రి నుంచి కూడా అంతే అవకాశంతో వస్తుంది. మనవాళ్ళు అమ్మ, అమ్మమ్మ, పిన్ని, పెద్దమ్మల గురించి ఆలోచిస్తారు గానీ నాయనమ్మనూ మేనత్తనూ మరిచిపోతారు. ఎవరికి వచ్చింది, ఎన్నో ఏట వచ్చింది, ఒక రొమ్ముకా రెండింటికా, అండాశయ క్యాన్సర్ ఎవరికైనా వచ్చిందా అన్నవి అడిగి రాసుకోవాలి. సంబంధాలు చెడతాయని ఈ కబుర్లు దాచే కుటుంబాలున్నాయి కాబట్టి సూటిగా అడిగితే జవాబు రాకపోవచ్చు. ‘అత్తయ్యకు ఆపరేషను ఎందుకు చేశారు?’ అని అడిగితే రావచ్చు. చిన్న వయసులో జబ్బు వచ్చిన దగ్గరి బంధువు ఉంటే జన్యు సలహా తీసుకోవాలి. వీలైతే పరీక్ష ముందుగా జబ్బు వచ్చినవారికి చేయిస్తారు. ఆ మార్పు ఉన్నవారికి ఎంఆర్ఐ పరీక్షలు 25 ఏళ్ళ నుంచే మొదలవుతాయి. చిన్నప్పుడు ఛాతీకి రేడియేషన్ చికిత్స తీసుకున్నవారు కూడా ఇలాంటి ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవారే.

నల్ల బ్రా, తీగ ఉన్న బ్రా, డియోడరెంటు వల్ల క్యాన్సర్ వస్తుందన్నదానికి ఆధారం లేదు. మద్యం, వ్యాయామం లేకపోవడం, వయసు పైబడ్డాక పెరిగే ఊబకాయం ముప్పును పెంచుతాయి, బిడ్డకు పాలివ్వడం తగ్గిస్తుంది.

30 ఏళ్ళు నిండాక జాతీయ కార్యక్రమం కింద ఐదేళ్ళకోసారి ఆరోగ్య సిబ్బంది చేత్తో రొమ్ము పరీక్ష చేయాలి. ఇది 65 ఏళ్ళ వరకు వర్తిస్తుంది. ఊరి ఉపకేంద్రంలో ఏఎన్ఎమ్‌ను అడిగితే ఎక్కడ, ఏ రోజు చేస్తారో చెబుతారు. క్యాన్సర్ అని తేలితే తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద అర్హులైన కుటుంబాలకు చికిత్స దొరుకుతుంది.

ఆఖరుగా కాగితాల సంగతి. ఆరు నెలల తరువాత రమ్మన్న తేదీకి వెళ్ళకపోవడం ఇక్కడ అందరూ చేసే పొరపాటు, ఎందుకంటే ఆ మధ్యలో కాలేజీ పరీక్షలో, ఉద్యోగమో, పెళ్ళో వచ్చి గడ్డ మరుగున పడుతుంది. రిపోర్టు వచ్చిన రోజే ఆ తేదీని ఫోనులో పెట్టుకోవాలి, వీలైతే అదే స్కానింగ్ కేంద్రానికి వెళ్ళాలి. పాత రిపోర్టునూ ఫిల్మునూ వెంట తీసుకువెళ్ళి స్కాన్ మొదలుపెట్టకముందే రేడియాలజిస్టు చేతికి ఇవ్వాలి. కొలత 18 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిందా, పెరిగిందా అన్నది ఆయన చెప్పగలిగేది పాత కాగితం పక్కన పెట్టుకున్నప్పుడే.